మూడో నకలు

ముక్కనుమ నాటి మధ్యాహ్నం. రావికమతంలో మావయ్య ఇంటి అరుగు మీద కూర్చున్నాం. వెనక కళ్లంలో చెరకు ఆడుతున్నారు. పెనంలో పాకం కాగుతున్న వాసన వీధి మొదటి దాకా వస్తోంది.

మావయ్య ట్రెజరీలో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యారు. నేను విశాఖపట్నంలో ఒక కాలేజీ కంప్యూటర్ సెంటర్లో పనిచేస్తున్నాను. మా దగ్గర ఒక సర్క్యులర్ ముసాయిదా తిరుగుతోంది. వచ్చే ఏప్రిల్ నుంచి ప్రతి డిపార్ట్‌మెంటూ తన డేటా బ్యాకప్‌కి జీబీ లెక్కన మా సెంటర్‌కి డబ్బు కట్టాలన్నది దాని సారం. అభ్యంతరాలు రాసిమ్మని నా చేతికిచ్చారు. లెక్కల మనిషి కదా, నా వైపే మాట్లాడతారనుకుని ఆ కాగితాన్ని పండక్కి వస్తూ సంచిలో పెట్టుకొచ్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు.

మావయ్య: ఇందులో తప్పేటుందమ్మా? వాడుకున్నవాళ్లు కట్టాలి. నేనైతే సంతకం పెట్టేద్దును.

నేను: మీరూ అదే మాటంటే ఎలా మావయ్యా? మెస్సులో డబ్బు కట్టకపోతే ఆకలి ఆ పూటే తెలుస్తుంది. బ్యాకప్‌కి కట్టని ఏడు ఏమీ జరగదు. మరుసటి ఏడూ జరగదు. నాలుగో ఏడు డిస్కు పోతుంది. డబ్బు మిగిల్చిన హెడ్డు అప్పటికి రిటైరైపోయి ఉంటారు. ఏడ్చేది కొత్తగా చేరిన పీహెచ్‌డీ పిల్ల.

మావయ్య: ముందు ఖర్చేటో చెప్పు. దేనికెంత అవుతుందో తెలీకుండా ఎవరు కట్టాలన్నది తేలదు.

చూపిద్దామని తెచ్చిన పాత టేపు కాట్రిడ్జి తీసి ఆయన చేతిలో పెట్టాను. వాడుకలోంచి తీసేసిన ఎల్‌టీఓ-5 టేపు. అరచేతిలో పట్టే నల్లటి ప్లాస్టిక్ డబ్బా, అంచున వెలిసిపోయిన బార్‌కోడు చీటీ. మూలనున్న చిన్న తలుపును ఆయన గోటితో జరిపి చూశారు. లోపల రిబ్బను కొస ఒక సన్నటి ఇనప పుల్లకు చుట్టి ఉంది. దీని రిబ్బను 846 మీటర్లు, పట్టేది 1.5 టెరాబైట్లు అని చెప్పాను. ఇదే సైజులో ఎల్‌టీఓ-9 టేపు 18 టెరాబైట్లు పడుతుంది.

మావయ్య: ఇంతేనా? దీనికా ఈ గొడవంతా?

నేను: అందులో చవకైనదే ఇది. దీన్ని చదివే డ్రైవు ఖరీదు, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు, ఏసీ, కరెంటు, రాత్రి బ్యాకప్ మధ్యలో ఆగిపోతే పొద్దున్నే వచ్చి చూసే మనిషి జీతం, రెండో నకలు పెట్టడానికి ఇంకో ఊళ్లో గది. వీటిలో చాలావరకు ఐదు డిపార్ట్‌మెంట్లు వచ్చినా అంతే, పాతిక వచ్చినా అంతే. మీ వెనక పెనం చూడండి. సగం రసం పోసినా పొయ్యి మండాల్సినంతా మండాల్సిందే కదా. ఈ ముసాయిదా ఏం చేస్తోందంటే, మొత్తం ఖర్చును మొత్తం జీబీలతో భాగించి రేటు కట్టింది. రేటు చూసి ఇద్దరు మానేస్తారు. ఖర్చు తగ్గదు, జీబీలు తగ్గుతాయి, మరుసటి ఏడు రేటు పెరుగుతుంది. అది చూసి ఇంకో నలుగురు మానేస్తారు. చివరికి డబ్బున్న రెండు డిపార్ట్‌మెంట్లే మిగులుతాయి. వాళ్లు మనమే సొంతంగా పెట్టుకుందాం అంటారు.

మావయ్య: సరే, ఉచితంగానే ఇచ్చావనుకో. నా సర్వీసులో ఒక సంగతి చెప్తాను. చలానా మూడు ప్రతులు రాసేవారు. ఒకటి ట్రెజరీకి, ఒకటి శాఖకి, ఒకటి కట్టినవాడికి. మధ్యలో కార్బన్ కాగితాలు. ఆ కార్బన్లు ఇండెంటు పెడితే స్టోర్సు నుంచి ఊరికే వచ్చేవి. ఊరికే వచ్చినన్నాళ్లూ ఒక్కసారి వాడి పారేసేవారు. స్టాకు రిజిస్టరులో ఎవరికిచ్చింది వాళ్ల పేరున ఎక్కించడం మొదలెట్టాక అదే కాగితం నాలుగుసార్లు పనికొచ్చింది. మీ దగ్గర ఎవరేం దాస్తున్నారో మీకు తెలుసా?

నేను: తెలుసు. ఒక డిపార్ట్‌మెంటు బ్యాకప్‌లో సినిమాలు కనబడ్డాయి. ఇంకోచోట ఒకే ఫొటోల సంచయం మూడు పేర్లతో ఉంది.

మావయ్య: చూశావా! పంచదార ఫ్యాక్టరీకి చెరకు వెళ్తే ముందు కాటా ఎక్కాలి. తూకం పడకుండా ఏ బండీ లోపలికి పోదు. తూకం ఉంటేనే ఆకూ మట్టీ దులిపి తెస్తాడు రైతు.

నేను: మరి కల్యాణపులోవ రిజర్వాయరు నీళ్లకు కాటా ఉందా మావయ్యా? తీరువా లీటర్ల లెక్కన కడుతున్నారా?

మావయ్య: ఎకరాల లెక్కన. ఏ పంటకి ఆ రేటు.

నేను: ఎందుకలాగ? ప్రతి మడి మదుము దగ్గరా నీళ్లు కొలవాలంటే కొలత ఖర్చే నీళ్ల ఖర్చును మించిపోతుంది. అందరికీ నీళ్లు కావాలి, అందరూ కొంత కట్టాలి, చేతనైన సులువైన కొలత ఎకరం. బ్యాకప్‌కీ అదే చాలంటున్నాను. డిపార్ట్‌మెంటుకి ఇంత అని చూసి, కాలేజీ మొత్తం మీద పెట్టెయ్యాలి.

మావయ్య: ఆ ఎకరాల లెక్క వల్లే కదమ్మా కాలవ మొదట్లో ఉన్నవాడు మడి ముంచుకుంటాడు, చివరి భూములకి చుక్క దిగదు! అదే తీరువా ఇద్దరూ కడతారు. మీ కాలేజీలోనూ అంతే అవుద్ది. వీడియోలు తీసే డిపార్ట్‌మెంటు టేపులన్నీ నింపేస్తుంది. తెలుగు డిపార్ట్‌మెంటు వాళ్ల నాలుగు ఫైళ్ల వంతు వచ్చేసరికి జాగా లేదంటారు.

ఇక్కడ నా దగ్గర జవాబు లేకపోయింది. శివారు భూముల బాధ ఈ ఊళ్లో ఎవరికీ పుస్తకం చదివి తెలియాల్సిన అవసరం లేదు. మా అమ్మ వాళ్ల వాటా పొలం ఆ శివారులోదే. కొంచెంసేపాగి వేరే దారిన వచ్చాను.

నేను: తూకమే వెయ్యాలంటే, ఏ జీబీని తూచాలి? వినండి. ఒకాయన కంప్యూటర్లో సరిగ్గా 1,000 జీబీ ఉందనుకోండి. రోజుకి అందులో నూటికి రెండు పాళ్లు మారుతుంది, అంటే 20 జీబీ. మారిన భాగాన్నే ప్రతి రాత్రీ కొత్తగా తీస్తాం. పొరపాటున చెరిపేసిన ఫైలు నెల లోపు తిరిగివ్వాలి కాబట్టి 30 రోజులవీ ఉంచుతాం. అది 600. మొత్తం 1,600. రెండో ఊళ్లో ఇంకో నకలు ఉండాలి కాబట్టి 3,200. ఆయన నా దగ్గర వెయ్యే కదా ఉంది, బిల్లు మూడు వేల రెండు వందలకి వచ్చిందేమిటి అని అడుగుతారు. వెయ్యికి బిల్లు వేస్తే, రోజూ డేటాబేసు మొత్తం తిరగరాసేవాడి భారం ఏమీ మార్చనివాడి మీద పడుతుంది. ఇంకో చిక్కు. ఒకే పెద్ద ఫైలు రెండు డిపార్ట్‌మెంట్ల దగ్గర ఉంటే మా సాఫ్ట్‌వేర్ ఒక్కసారే దాచి రెండోదానికి గుర్తు పెట్టుకుంటుంది. మరి డబ్బు ఎవరి దగ్గర తీసుకోవాలి? చెరి సగమా? ఒకరు చెరిపేస్తే రెండోవారి బిల్లు రాత్రికి రాత్రి రెట్టింపవుతుందా?

మావయ్య ముఖం వెలిగింది. ఆయనకి ఇలాంటి చిక్కులంటే ఇష్టం. ఉమ్మడి గోడ తగువు అన్నారు. రెండిళ్ల మధ్య గోడ ఒకటే, ఒకడు ఇల్లు పడగొట్టుకుంటే రెండోవాడు గోడ మొత్తం మొయ్యాలా అని వేలితో అరుగు మీద గీతలు గీశారు.

మావయ్య: ఎవరి కంప్యూటర్లో ఎంత ఉందో అంతకే బిల్లు వెయ్యండి. ఒకసారే దాచడం వల్ల మిగిలింది సెంటర్‌కి మిగిలినట్టు. ఆ మిగులుతో అందరికీ రేటు తగ్గించండి. నకళ్లెన్ని అన్నది ఆయనకి చెప్పక్కర్లేదు, రేటులో కలిపెయ్యండి. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు రాయిస్తే మనం కట్టే ఫీజులోనే వాళ్ల పుస్తకంలో ఎక్కే నకలు ఖర్చు కూడా ఉంటుంది. 1908 నాటి చట్టం. నకలుకింత, బీరువాకింత అని ఎవడైనా విడిగా అడిగాడా?

నేను: మీరే అన్నారు మావయ్యా! రిజిస్ట్రేషన్ ఫీజు ఒక్కసారే కడతాం. యాభై ఏళ్ల తర్వాత వెళ్లినా దస్తావేజు నకలు దొరుకుతుంది. ఏటా కట్టకపోతే పుస్తకంలోంచి మీ పేజీ చింపేస్తామని ఎవరూ అనరు. ఈ ముసాయిదాలో చూడండి, రెండు త్రైమాసికాలు బాకీ పడితే బ్యాకప్ చెరిపేస్తారట. అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన డేటాకి ఒక్కసారే డబ్బు తీసుకుని ఎప్పటికీ ఉంచే పద్ధతి ఆలోచించారు. డిస్కుల ధర ఏటేటా పడిపోతుంది కాబట్టి మొదట్లో కొంచెం ఎక్కువ తీసుకుంటే ముందుముందు ఖర్చులన్నీ అందులో సర్దుకుంటాయని వాళ్ల లెక్క.

మావయ్య: ధర పడిపోతూనే ఉంటుందని ఎవరు రాసిచ్చారు?

దానికీ నా దగ్గర జవాబు లేదు. అప్పుడే అత్తయ్య వేడి బెల్లం పాకం చిన్న గిన్నెలో తెచ్చి పెట్టింది. అది చల్లారేలోగా మా కాలేజీలో జరిగిన సంగతి చెప్పాను. ఆయనతో వాదన గెలవడానికి దాచుకున్న మాట అది, కానీ చెబుతుంటే గెలవాలన్న ధ్యాస పోయింది.

నేను: మూడేళ్ల కిందట ఒక ఏడు ఇలాగే డబ్బు వసూలు చేసి చూశారు. భూగర్భ జలాల మీద పనిచేసే చిన్న డిపార్ట్‌మెంటు ఒకటి ఉంది మాకు. ఏడాదికి వాళ్లకొచ్చే కంటింజెన్సీ కొంచెమే. బ్యాకప్ బిల్లు కట్టాలా, పిల్లల్ని పల్లెలకి తీసుకెళ్లే బస్సు కిరాయి కట్టాలా? బస్సుకి కట్టారు. వాళ్ల స్థానంలో నేనున్నా బస్సుకే కడతాను. డేటా బీరువాలో ఒక హార్డ్‌డిస్కులో ఉంది కదా అనుకున్నారు. దాని మీద మార్కరుతో జాగ్రత్త అని రాసి ఉంది. ఆ వేసవిలో అది మా దగ్గరికొచ్చింది. కరెంటివ్వగానే టిక్కు, టిక్కు, టిక్కు. ఆ చప్పుడు వినగానే నాకు తెలిసిపోయింది. తెచ్చిన పిల్ల నా ముఖం వంకే చూస్తోంది. ఆరేళ్లు, ఏడాదికి రెండుసార్లు, మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి కల్యాణపులోవ నుంచి ఇటు రావికమతం దాకా బావులన్నిటి నీటి మట్టాలు. స్టీలు టేపు కొసకి సుద్ద రాసి బావిలోకి వదిలి, సుద్ద ఎంతవరకు తడిసిందో చూసి రాసుకున్న లెక్కలు. ఒక్కటీ మిగల్లేదు.

మావయ్య: మన బావి దగ్గరికీ వచ్చేవారు ఆ పిల్లలు.

నేను: మన బావి కూడా అందులోదే మావయ్యా.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కళ్లంలో ఎవరో పెనం దించుతున్నారు, కేకలు వినబడ్డాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లు లేక, ఎవరి సమాచారం ఎక్కడుందో తెలియక తిరిగిన రోజులు నాకు గుర్తొచ్చాయి. అంత పెద్ద తుపాను అక్కర్లేదు, ఒక చిన్న మోటారు ఆగిపోతే చాలు.

మావయ్య: ఉచితంగా ఉన్నదల్లా భద్రంగా ఉంటుందని మాత్రం నువ్వనకు. మొన్న కొరియాలో కాలింది కదా, పేపర్లో చదివాను.

నేను: 2025 సెప్టెంబరు 26. దక్షిణ కొరియాలో డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీల దగ్గర అంటుకుంది. ఉద్యోగుల పని కాగితాలు దాచే జీ-డ్రైవ్ అందులోనే ఉంది. మనిషికి 30 జీబీ చొప్పున ఇచ్చారు. 858 టెరాబైట్లు పోయాయి. బయట ఇంకో నకలు లేదు. అంత పెద్ద దానికి నకలు పెట్టడం కుదరదనుకున్నారు. అన్నీ అందులోనే దాచాలని గట్టిగా అమలు చేసిన శాఖ అందరికంటే ఎక్కువ నష్టపోయింది.

మావయ్య: అదీ సంగతి. ఉద్యోగి డబ్బు కట్టలేదు, కాబట్టి నా నకలు ఎక్కడుంది అని అడగలేదు. కట్టినవాడు రసీదు అడుగుతాడు. రసీదులో ఏముందో చూసుకుంటాడు.

నేను: కట్టే పద్ధతిలోనూ కాలింది మావయ్యా. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ డేటా సెంటరు తగలబడింది. అక్కడ బ్యాకప్ విడిగా డబ్బు పెట్టి కొనుక్కోవాలి. కొనుక్కోనివాళ్లు చాలామంది ఉన్నదంతా పోగొట్టుకున్నారు. కొనుక్కున్నవాళ్లలో కూడా కొందరి నకళ్లు అదే ఆవరణలో ఉండటంతో కోర్టుకెక్కాల్సి వచ్చింది. రసీదు ఉంది, నకలు లేదు. 2021 డిసెంబరులో క్యోటో విశ్వవిద్యాలయంలో నిప్పు కూడా లేదు. బ్యాకప్ చేసే ప్రోగ్రాములోనే తప్పు దొర్లి 77 టెరాబైట్ల పరిశోధన ఫైళ్లు చెరిగిపోయాయి. వసూలు చేసిన రూపాయిలో కొంత, తీసిన నకలు తిరిగి తెరుచుకుంటోందా లేదా అని చూసే పనికి పోవాలి. ఈ ముసాయిదాలో ఆ పద్దే లేదు. పైగా పోయిన ఫైలు తిరిగి అడిగితే అదనపు ఫీజట.

మావయ్య: అది మాత్రం తప్పు. మనిషి నష్టంలో ఉన్నప్పుడు చెయ్యి చాపకూడదు. కొట్టేయించు.

ఆ ఒక్క మాట మీద ఇద్దరం ఒకటయ్యాం. ఆయన లోపలికెళ్లి పెన్సిలు తెచ్చుకుని ఆ వాక్యం మీద గీత కొట్టారు. మళ్లీ వాదన మొదలైంది. మా సెంటర్ లాంటివి సేవకి డబ్బు తీసుకోవడం ప్రపంచంలో కొత్తేమీ కాదని నేనే ఒప్పుకున్నాను. అమెరికా కేంద్ర ప్రభుత్వపు పరిశోధన నిధులు తీసుకునే విశ్వవిద్యాలయాలకు దీని మీద నియమాలున్నాయి. ఇలాంటి సేవల రేటు అయిన ఖర్చుకి సరిపోవాలి, మిగులు చూసుకోకూడదు, ఒకరికి ఒక రేటూ ఇంకొకరికి ఇంకో రేటూ పెట్టకూడదు, కనీసం రెండేళ్లకోసారి రేటు సరిచూసి ఎక్కువ తక్కువలు సర్దాలి. మావయ్య ఆ రెండేళ్ల మాట విని బాగుంది బాగుంది అన్నారు. ఆడిట్ చేసిన మనిషికి అది తియ్యగా వినిపించింది.

నేను: అయినా మన దగ్గరే వేరే దారి ఉంది. మీ సొసైటీ కంప్యూటరు చూశారా?

మావయ్య: ఎందుకు చూడలేదు? అందులోనే ఎక్కిస్తున్నారు ఇప్పుడు అప్పులన్నీ.

నేను: దేశంలో 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్ని ఒకే సాఫ్ట్‌వేరులోకి తేవడానికి 2022 జూన్‌లో కేంద్రం పథకం పెట్టింది. మొత్తం 2,516 కోట్లు. అందులో కేంద్రం వాటా 1,528, రాష్ట్రాలది 736, నాబార్డుది 252 కోట్లు. రైతు అప్పు లెక్క సొసైటీ గదిలో ఒక్క పుస్తకంలోనే ఉండిపోకుండా, వేరేచోట కూడా ఉండే ఏర్పాటు అందులో భాగమే. అదే ఒక్కో సొసైటీతో, మీ లెక్కలకి జీబీకి ఇంత కట్టండి, ఇష్టమైతేనే చేరండి అని ఉంటే ఎన్ని చేరేవి? తలుపు దగ్గర టికెట్టు పెట్టలేదు కాబట్టే లోపలికొచ్చాయి.

మావయ్య: పథకం ఎన్నేళ్లు?

నేను: ఐదు.

మావయ్య: ఆరో ఏడు?

నేను నోరు తెరిచి మూసుకున్నాను.

మావయ్య: అదీ నా భయం. పథకం డబ్బుతో యంత్రం కొంటారు. గుమ్మం ముందు ఫొటో. ఐదేళ్లయ్యాక మరమ్మతుకి పద్దు ఉండదు. నేను ట్రెజరీలో చూసిందంతా అదే తల్లీ. జీపుంటుంది, డీజిలుకి బడ్జెట్టుండదు. మీ సెంటర్‌కి కూడా ఊరికే ఇస్తాం అని చెప్తే మేనేజ్‌మెంటు మొదటి ఏడు ఇస్తుంది, రెండో ఏడు తగ్గిస్తుంది, మూడో ఏడు మీకేం ఆదాయం ఉందీ అని అడుగుతుంది. డబ్బు తీసుకుంటే నీ పనికొక పద్దుంటుంది. పద్దున్న పని బతుకుతుంది. నేను మీ డిపార్ట్‌మెంట్ల మీద కక్షతో అనట్లేదు, నీ టేపులు బతకాలనే అంటున్నాను.

ఇంతసేపూ ఆయన నాకు ఎదురు మాట్లాడుతున్నారనుకున్నాను. ఆయన భయం, నా భయం రెండూ ఒకే టేపు గురించే. ఆయనకి ఆరో ఏడు గురించి భయం. నాకు మొదటి ఏడు బయట ఉండిపోయే చిన్న డిపార్ట్‌మెంటు గురించి భయం.

నేను: మావయ్యా, మీ జీతంలో ఏపీజీఎల్ఐ బీమా ప్రీమియం కోసేవారు కదా. మీకు కావాలా వద్దా అని అడిగారా?

మావయ్య: అడగడమేటి? జీతం స్లాబు చూసి కోసెయ్యడమే. బీమా చెయ్యించనివాడు ఉండకూడదనే కదా.

నేను: అంటే చిన్న జీతానికి చిన్న ప్రీమియం, పెద్ద జీతానికి పెద్దది, వద్దనే మాట మాత్రం ఎవరికీ లేదు.

మావయ్య: కానీ నా జీతంలోంచే కోసేవారు. ఉచితం కాదు.

నేను: కాదు. నేను ఇప్పుడు ఉచితం అనట్లేదు. ఆ చిన్న డిపార్ట్‌మెంటును ముంచింది బిల్లు కాదు, బిల్లు కట్టకుండా బయట ఉండొచ్చన్న వీలు. బస్సు కిరాయీ బ్యాకప్పూ ఒకే సంచీలోంచి తియ్యమంటే ఎవరైనా కళ్లెదుట ఉన్న పిల్లలకే పెడతారు. ఆ ఎంపిక వాళ్ల ముందు పెట్టడమే తప్పు.

మావయ్య కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలెట్టారు. ట్రెజరీ దస్తూరి, గుండ్రంగా, మార్జిన్ వదిలి. ఏప్రిల్లో డిపార్ట్‌మెంట్లకి ఏడాది కేటాయింపు విడుదల చేసేటప్పుడే బ్యాకప్ వాటా కోసి సెంటర్ పద్దులో వెయ్యాలి, బుక్ అడ్జస్ట్‌మెంటు, చేతికి డబ్బు రాదు పోదు. ఆ వాటా కేటాయింపు సైజును బట్టి, జీబీని బట్టి కాదు. దానికి ప్రతివారికీ ఇంత జాగా. ఆ జాగా దాటితే మాత్రం తూకం, కాటా, జీబీ లెక్క, సినిమాలు దాచుకునేవాడు కట్టుకుంటాడు. మూడు నెలలకోసారి ప్రతి హెడ్డుకీ ఎంత వాడారో, ఎక్కడ రెండు నకళ్లున్నాయో, చివరిసారి తెరిచి చూసిందెప్పుడో రాసిన చీటీ. బాకీ ఉన్నా చెరపకూడదు. తిరిగివ్వడానికి ఫీజు లేదు.

నేను: ప్రాజెక్టులు? మూడేళ్ల ప్రాజెక్టు, డబ్బు ఆగిపోయాక డేటా పదేళ్లుండాలి.

మావయ్య: ప్రాజెక్టు బడ్జెట్టు రాసేటప్పుడే, మొదటి ఏడే, పదేళ్లదీ ఒకేసారి తీసుకోండి. మార్చి 31 దాటితే ఎవడూ ఇవ్వడు.

నేను: ఒకేసారి కట్టి ఎప్పటికీ ఉంచే పద్ధతి కుదరదన్నారుగా?

మావయ్య: ఎప్పటికీ అన్నదానికి నేనొప్పుకోను. పదేళ్లకి ఒప్పుకుంటాను.

ఇక్కడ మాత్రం ఇద్దరం తేల్చుకోలేకపోయాం. బావి మట్టాల్లాంటి లెక్కలు పదేళ్లకి పారేసేవి కావని, పాతబడేకొద్దీ విలువ పెరిగేవని నేనన్నాను. ఆరేళ్లలో నీళ్లు దిగిపోయాయో లేదో చెప్పడానికే ఆరేళ్లు కావాలి, ముప్పై ఏళ్లలో ఏమయ్యిందో చెప్పడానికి ముప్పై ఏళ్లూ కావాలి. అలాంటివాటిని డిపార్ట్‌మెంటు డేటాగా కాక కాలేజీ ఆస్తిగా ఎక్కించాలి, ఆ ఖర్చు కాలేజీదే అన్నాను. ఏది అలాంటిదో ఎవరు తేలుస్తారు, రేపు ప్రతివాడూ నాది అలాంటిదే అంటాడు అన్నారు ఆయన. 1942లో జపాను బాంబులు పడ్డాక ఆంధ్ర విశ్వకళాపరిషత్తును విశాఖ నుంచి గుంటూరుకి తరలించారు. ఆ రోజున ఏ శాఖ సామాను ముందెక్కాలన్నది కిరాయి చూసి తేల్చి ఉంటారా అని అడిగాను. యుద్ధంలో వేరు, మార్చి నెలలో వేరు అన్నారు. ఆ వాక్యం దగ్గర ఆయన పెన్సిలు ఆగింది. మార్జిన్లో ప్రశ్న గుర్తు పెట్టి వదిలేశారు.

పొద్దు వాలింది. గిన్నెలో పాకం గట్టిపడిపోయింది. ఆయన లేచి లోపలికెళ్లారు. ట్రంకుపెట్టె మూత చప్పుడైంది. తిరిగొచ్చేసరికి చేతిలో రబ్బరు బ్యాండు వేసిన చిన్న డైరీలు, ఏడాదికొకటి. రిటైరయ్యాక కూడా రోజు ఖర్చు రాసుకునే అలవాటు పోలేదు ఆయనకి. పాలు, పేపరు, బస్సు చార్జీ. ఒక మే నెల పేజీ తీసి నా ముందు పెట్టారు. పాలవాడి లెక్క కింద, అదే గుండ్రటి దస్తూరిలో: కాలేజీ పిల్లలు వచ్చారు. బావి 9.40 మీ. మజ్జిగ ఇచ్చాం.

ఆరు డైరీలూ తిరగేశాం. పన్నెండు ఉండాలి. పది దొరికాయి. మిగతా రెండుసార్లూ ఆయన హైదరాబాదులో కొడుకు దగ్గర ఉన్నారు.

మావయ్య: ఒక్క బావే కదమ్మా. పనికొస్తుందేటి?

నేను: పనికొస్తుంది మావయ్యా.

వెలుతురు పోకముందే ఒక్కో పేజీ ఫోనుతో ఫొటో తీశాను. ఆ పిల్లలు ఈ వీధిలో ఇంకెవరి బావుల దగ్గరికి వెళ్లేవారో ఆయన వేళ్లు మడుస్తూ చెబుతున్నారు, నేను సర్క్యులర్ అంచున రాసుకుంటున్నాను.